పన్ను కాగితం మీద రెండో పేరు

ఇరవై ఏడేళ్ళపాటు ఆర్విడ్ కాంగస్ ఒకే గడిలో టిక్కు పెట్టాడు. పన్ను కాగితం మొదటి పేజీలో, పైనే ఉంటాయా గళ్ళు. ఒంటరివాళ్ళకొకటి, పెళ్ళయి కలిపి వేసేవాళ్ళకొకటి, పెళ్ళయినా విడిగా వేసేవాళ్ళకొకటి, ఇంకో రెండు. ఏటా మార్చిలో షాపులో బల్ల మీది ఇనుప రజను తుడిచి, కాగితం పరిచి, 'ఒంటరి' అన్నచోట టిక్కు కొట్టి, మిగతా గళ్ళ వంక చూడకుండా కిందికి దిగిపోయేవాడు. నలభై ఏడో ఏట పెళ్ళి చేసుకున్నాడు. చేసుకున్న రెండు నెలలకే ఆ గళ్ళు అతని నిద్ర చెడగొట్టాయి.

అతని పని సౌనా పొయ్యిలు చేయడం, అంటే ఆవిరి స్నానం చేసే చెక్క గదిని వేడెక్కించే ఇనుప పొయ్యిలు. మిషిగన్ పై కొసన, సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న టానర్ బేలో బండి లేని ఇల్లయినా ఉంటుందేమో గానీ సౌనా లేని ఇల్లు ఉండదు. రాగి గనుల్లో పనికొచ్చిన ఫిన్నిష్ తాతలు ముందు సౌనా కట్టుకుని, అందులో కాపురం ఉంటూ తర్వాత ఇల్లు కట్టుకున్నారని చెప్పుకుంటారు. ఆర్విడ్‌కి ఎవరూ పని నేర్పలేదు. పదిహేడేళ్ళప్పుడు ఒక పాత పొయ్యిని నిలువునా కోసి, లోపల పొగ ఏ దారిన పోతోందో చూసి నేర్చుకున్నాడు. అతని పొయ్యిల అతుకులు వేలితో తడిమితే తెలియవు. ప్రతి పొయ్యి తలుపు లోపలి వైపు ఒక అంకె కొడతాడు. అది ఎవరికీ కనిపించదు.

చేతిలో పనితనం ఎంత ఉందో కడుపులో కుళ్ళూ అంత ఉంది. వేరేవాళ్ళు చేసిన పొయ్యి ఉన్న సౌనాకి పిలిస్తే, ముందు మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి అతుకులు వెతుకుతాడు. బాగా లేకపోతే హాయిగా స్నానం చేసి వస్తాడు. బాగుంటే తలనొప్పని చెప్పి ఇంటికి పోతాడు.

అలాంటివాడు పోయి పోయి డెన్నీ హైకిలా భార్యను చేసుకున్నాడు.

డెన్నీ చనిపోయి అప్పటికి మూడు చలికాలాలు కావస్తోంది. కప్పు మీద మంచు తోస్తూ తోస్తూ గుండె ఆగిపోయింది. ఊళ్ళో పిల్లలకు హాకీ నేర్పింది అతనే, ట్రక్కు ముందు పలక కట్టుకుని అందరి వాకిళ్ళలో మంచు తోసిందీ అతనే. పెళ్ళిళ్ళలో పాడేవాడు, చావుల్లో నవ్వించేవాడు. మాటల మనిషి. చేసిన పని మాత్రం ఏదీ సరిగా నిలిచేది కాదు. అతను వేసిన మెట్లు ఊగుతాయి, అతను బిగించిన సౌనా తలుపు పట్టేస్తుంది. అయినా ఊళ్ళో ఎవరిని కదిపినా ఒక డెన్నీ కథ చెబుతారు. ఆర్విడ్ కథ ఒక్కటీ ఎవరూ చెప్పరు, అతని పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చుని డెన్నీ కథలే చెప్పుకుంటారు.

మార్లిస్ క్లినిక్‌లో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. పధ్నాలుగేళ్ళ కూతురు కిర్స్టీతో ఉంటోంది. పొగగొట్టం బాగుచేయడానికి వచ్చిన ఆర్విడ్, బాగయిన గొట్టాన్ని మళ్ళీ నాలుగుసార్లు బాగుచేశాడు. నాలుగోసారి మార్లిసే అడిగింది, "గొట్టంలో ఇంకేమైనా మిగిలిందా, భోంచేసి పోతావా?" అని. వచ్చే జూన్‌లో సరస్సు ఒడ్డున పెళ్ళి అనుకున్నారు.

నవంబరులో ఒకరోజు ఆమె వంటింటి బల్ల మీద నిరుటి పన్ను కాగితం కనబడింది. అందులో టిక్కు ఒంటరి గడిలో లేదు. భర్త పోయి, పిల్లతో మిగిలినవాళ్ళకని ఉన్న గడిలో ఉంది.

"ఇదేంటి?" అన్నాడు.

"మొగుడు పోయాక రెండేళ్ళు అలా వేసుకోవచ్చట. పన్ను తగ్గుతుంది. ఈ ఏడాదికీ వస్తుంది."

"అంటే ఈ ఏడూ డెన్నీ పెళ్ళానివే అన్నమాట."

"కాగితం మీదేలే."

"డిసెంబరు ఆఖర్లోగా పెళ్ళి చేసుకుంటే?"

"అప్పుడు ఏడాదంతా పెళ్ళయినట్టే లెక్క. ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం చేసుకున్నా అంతేనట."

డిసెంబరు ఇరవై తొమ్మిదిన, నడుములోతు మంచులో, చర్చికి దారి తవ్వించి మరీ పెళ్ళి చేసుకున్నాడు ఆర్విడ్. తన కోసమే ఇంత తొందరపడుతున్నాడని మార్లిస్ మురిసిపోయింది. అందులో సగం నిజం. మిగతా సగం డెన్నీ కోసం.

ఆ ఇంట్లోకి మారిన వారానికే సౌనాలో డెన్నీ పెట్టిన పొయ్యి పీకేసి తనది పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. పొయ్యి మంచిదే కదా మరి.

ఫిబ్రవరిలో లైబ్రరీలో పన్నుల బల్ల వేశారు. రిటైరైన ఐలీ టీచర్ గురువారం గురువారం అక్కడ కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా కాగితాలు చేసిపెడుతుంది. ఊళ్ళో సగంమందికి మూడో తరగతి చెప్పింది ఆవిడే, ఆర్విడ్‌కి కూడా. ఈసారి మార్లిస్‌తో కలిసి వెళ్ళాలని అతను గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకున్నాడు. సౌనా పొయ్యి మారింది, గడీ మారబోతోంది. పైన తన పేరు, పక్కన ఆమె పేరు, కింద రెండు సంతకాలు. పెళ్ళి రిజిస్టరు చర్చి బీరువాలో ఉంటుంది. ఈ కాగితం మాత్రం ఏటేటా కొత్తగా రాయాలి. అతనికి అదే నచ్చింది.

"ఏరా ఆర్విడ్, చేతులు కడుక్కున్నావా?" అంది ఐలీ టీచర్, మూడో తరగతిలో అడిగినట్టే. "సరే, చెప్పండి. కలిపా, విడిగా?"

"కలిపి," అన్నాడు ఆర్విడ్.

"విడిగా," అంది మార్లిస్, అదే క్షణంలో.

వెనక వరసలో కాగితం సంచి పట్టుకుని కూర్చున్న ముసలాయన గట్టిగా దగ్గాడు. ఆర్విడ్ చెవులు ఎర్రబడ్డాయి.

"విడిగా వేస్తే మీకు పన్ను ఎక్కువ పడుతుంది," అంది టీచర్ నెమ్మదిగా. "అయినా తొందరేం లేదు, ఏప్రిల్ దాకా టైముంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు విడిగా వేస్తే మూడేళ్ళలోపు ఎప్పుడైనా కలుపుకోవచ్చు. కలిపి వేశాక గడువు దాటితే మాత్రం విడదీయడం కుదరదు. ఇంటికెళ్ళి మాట్లాడుకోండి."

"మాట్లాడేదేముంది టీచర్? ఆవిడకి ఇష్టం లేదు."

"నోర్మూసుకుని కోటు వేసుకో."

దారి పొడుగునా ఆర్విడ్ బండి వైపర్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. మార్లిస్ రెండుసార్లు నోరు తెరిచి, మళ్ళీ కిటికీలోంచి చూసింది.

మర్నాడు ఆమె క్లినిక్‌కి వెళ్ళాక బీరువా సొరుగు లాగాడు. వెతకాల్సిన పనే లేకుండా దొరికాయి. పధ్నాలుగు కాగితాలు, పధ్నాలుగేళ్ళవి, డెన్నీ పోయిన ఏడుతో సహా. ప్రతిదాని మీదా డెన్నీ పేరు, పక్కన మార్లిస్ పేరు, 'కలిపి' గడిలో టిక్కు. అతను పోయాక వేసినవి వదిలి మిగతావాటి మీది సంతకాలు చూశాడు. అతుకుల్ని చూసే కన్ను అది. డెన్నీవి నింపాదిగా, పెద్దగా, సున్నాలు చుట్టి ఉన్నాయి. మార్లిస్‌వి పక్కకు వాలిపోయి ఉన్నాయి. ఒకదాని మీద దోసె పిండిలాంటి మరక ఎండిపోయి ఉంది. పొయ్యి దగ్గర నిలబడి, ఒక చేత్తో పాన్‌కేకు తిప్పుతూ రెండో చేత్తో పెట్టి ఉంటుంది.

అక్కడ కాలింది ఆర్విడ్‌కి. చేతిలో పని ఆపకుండా, చూడకుండా పెట్టేంత నమ్మకం! పధ్నాలుగేళ్ళు! తను ఆ కాగితం కోసం గడ్డం గీసుకుని వెళ్తే వరసలో అందరి ముందూ 'విడిగా' అంది. చచ్చినవాడికి ఇచ్చింది బతికున్నవాడికి ఇవ్వనంది. ఆ రోజు షాపులో ఒక పొయ్యికి అతుకు వంకరగా వేశాడు. కోసి మళ్ళీ వేశాడు. మళ్ళీ వంకరే వచ్చింది.

శనివారం మధ్యాహ్నం మార్లిస్ పిలిచింది. "సౌనా వేడెక్కింది, రా."

ఆ ఊళ్ళో ఒక కట్టడి ఉంది. చర్చిలో ఎలా ఉంటారో సౌనాలోనూ అలాగే ఉండాలి. గొంతు పెంచకూడదు, తిట్టకూడదు, తలుపు విసిరి కొట్టకూడదు. తాగి వచ్చి భార్యను కొట్టే మొగుళ్ళు కూడా ఆ చెక్క గదిలో తల వంచుకుని కూర్చుంటారు. ఆర్విడ్ పై మెట్టు మీద కూర్చున్నాడు. మార్లిస్ రాళ్ళ మీద నీళ్ళు చల్లింది. ఆవిరి బుస్సుమని లేచింది.

"నువ్వు అరవకూడదనే ఇక్కడ చెబుతున్నా," అంది. "సొరుగు లాగావు. కాగితాలు తిరగేసి పెట్టావు."

ఆర్విడ్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "వాడితో పధ్నాలుగు సార్లు కలిపావు. నాతో ఒక్కసారికి చేదయిందా?"

"డెన్నీ పోయాక ఏడాదికి ఉత్తరం వచ్చింది, పన్నుల శాఖ నుంచి. మంచు తోసినందుకు వాళ్ళూ వీళ్ళూ చేతికిచ్చిన డబ్బు మూడేళ్ళు ఎక్కడా చూపలేదు. కింద నా సంతకం ఉంది. కలిపి వేసిన కాగితంలో ఒకళ్ళు తప్పు రాస్తే ఇద్దరూ రాసినట్టే. అతను లేడు, నేనున్నా. నేనే కట్టా. ఏడాదిన్నరపాటు ఆదివారాలు కూడా డ్యూటీ వేయించుకున్నా. మన పెళ్ళికి రెండు నెలల ముందు తీరింది."

ఆర్విడ్ తువ్వాలు అంచు పళ్ళతో పట్టుకున్నాడు. ఏం మాట్లాడినా గొంతు లేస్తుంది.

"నమ్మి పెట్టాననుకున్నావు కదూ? నమ్మకమూ కాదు, పాడూ కాదు. చూడాలని తెలీక పెట్టా. 'ఇక్కడ పెట్టు బంగారం' అనేవాడు, పెట్టేదాన్ని."

"నాకెందుకు చెప్పలేదు?"

"కిర్స్టీకి తెలియకూడదు. దానికి నాన్నంటే ఐసు మీద ఈల వేసే మనిషి. అలాగే ఉండనీ."

"ఇంకెవరికి తెలుసు?"

"ఐలీ టీచర్‌కి. ఉత్తరాలు ఆవిడే రాసిపెట్టింది."

"అయితే టీచర్‌కి తెలుసు, నాకు తెలీదు."

"దేవుడా! ఇప్పుడు టీచర్ మీద కూడా ఏడుస్తావా?"

ఏడ్చాడు, నిజంగానే, లోపల. కాస్త ఆగి అన్నాడు, "నేనూ డెన్నీలాంటివాణ్ణే అనుకున్నావా?"

"నువ్వెలాంటివాడివో నీ డబ్బాలు చూస్తే తెలుస్తుంది. నేను చూళ్ళేదు."

డబ్బాలంటే కాఫీ డబ్బాలు. అమ్మిన పొయ్యి చీటీలన్నీ వాటిలో కుక్కి షాపులో అటక మీద పెడతాడు.

"ఇరవై ఏడేళ్ళుగా నా డబ్బాలు ఎవరూ చూళ్ళేదు," అన్నాడు ఆర్విడ్. "ఇప్పుడు దొంగని సోదా చేసినట్టు..."

"అందుకే విడిగా అన్నా," అని మార్లిస్ బకెట్లో నీళ్ళు మీద పోసుకుని బయటికి వెళ్ళిపోయింది. డెన్నీ తలుపు పట్టేసింది. భుజంతో తోస్తే తెరుచుకుంది.

ఆమె వెళ్ళాక ఆర్విడ్ అక్కడే కూర్చుని తనలోకి తాను చూసుకుంటే, అక్కడ జాలి కంటే ముందు సంతోషం కనబడింది. డెన్నీ దొంగ! ఊరంతా నెత్తిన పెట్టుకున్న డెన్నీ పెళ్ళాం చేత దొంగ కాగితం మీద సంతకం పెట్టించాడు! మార్లిస్ ఏడాదిన్నర ఆదివారాలు కూడా ఆ సంతోషానికి అడ్డు రాలేదు. సిగ్గనిపించింది. సంతోషం మాత్రం పోలేదు.

మంగళవారం పొద్దున్నే ఎప్పటిలాగే హోటలుకి కాఫీకి వెళ్ళాడు. ప్లంబరు వెర్న్, మరో ఇద్దరూ అప్పటికే మాంసం కూరిన పాస్టీలు తెప్పించుకుని కూర్చున్నారు. బయట మంచు పడుతోంది. మంచు పడితే డెన్నీ మాట రాక మానదు.

"డెన్నీ ఉంటే ఈపాటికి వీధంతా తోసేసేవాడు," అన్నాడు వెర్న్. "ముసలమ్మల దగ్గర పైసా తీసుకునేవాడు కాదు. అలాంటి మనిషి మళ్ళీ పుడతాడా?"

"ఎవరి దగ్గర తీసుకునేవాడో," అన్నాడు ఆర్విడ్.

"ఏంట్రా?"

"ఏం లేదు."

"చెప్పవోయ్! వాడి మంచమెక్కావు, వాడి గురించి ఒక మంచి మాట చెప్పలేవా?"

హోటల్లో అందరూ నవ్వారు. ఆర్విడ్ కప్పు కింద పెట్టాడు. నాలుక చివరే ఉంది మాట. ఒక్క వాక్యం చాలు. సాయంత్రానికి ఊరు దాటుతుంది, రేపటికి కిర్స్టీ స్కూలుకి చేరుతుంది. ఆ తర్వాత మంచు పడితే ఎవరూ డెన్నీ పేరెత్తరు. ఏళ్ళ తరబడి ఆకలితో ఉన్నవాడి ముందు పెట్టిన అన్నంలా ఉంది అతనికి ఆ వాక్యం.

"డెన్నీ గురించి ఒకటి చెప్పనా?" అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు. ముందుకు వంగిన వెర్న్ గడ్డం మీద పాస్టీ ముక్క ఉంది.

"వాడు బిగించిన సౌనా తలుపు," అన్నాడు ఆర్విడ్, "ఇప్పటికీ పట్టేస్తుంది. కీలు తలకిందులుగా పెట్టాడు."

వెర్న్ బల్ల చరిచి నవ్వాడు. "ఒరేయ్, చచ్చినవాడి తలుపు మీద కూడా ఏడుస్తున్నావురా! కుళ్ళుతో చచ్చేలా ఉన్నావు!"

"ఉన్నా," అన్నాడు ఆర్విడ్. కాఫీ మిగిల్చి, డబ్బులు పెట్టి, మంచులోకి వచ్చేశాడు. వెనక ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

శుక్రవారం మార్లిస్ పని నుంచి వచ్చి బూట్లు విప్పుతూ అంది, "ఇవాళ వెర్న్ రక్తం ఇవ్వడానికి వచ్చాడు."

"ఏమన్నాడు?"

"హోటల్లో నువ్వు డెన్నీ తలుపు గురించి చెప్పావట. సూది గుచ్చుతున్నా నవ్వుతూనే ఉన్నాడు."

"పట్టేస్తుంది కదా."

"పట్టేస్తుంది." రెండో బూటు విప్పి పొయ్యి పక్కన పెట్టింది. "నువ్వు చెప్పబోయింది తలుపు సంగతి కాదు."

ఆర్విడ్ అబద్ధం ఆడలేకపోయాడు. "కాదు."

తడి మేజోళ్ళు విప్పి పొయ్యి దగ్గర ఆరేసింది. "డబ్బాలు పట్రా," అంది.

మూడు రోజులు, భోజనాలయ్యాక, వంటింటి బల్ల మీద చీటీలు పరుచుకుని కూర్చుంది మార్లిస్. నూనె మరకలున్నవి, చిరిగినవి, అట్టముక్కల మీద రాసినవి. ప్రతిదీ విప్పి, సాపు చేసి, చదివి పక్కన పెట్టేది. ఆర్విడ్ ఎదురుగా కూర్చుని ఏలకుల రొట్టె నములుతూ ఒళ్ళు మండించుకున్నాడు.

"వాడికి చూడకుండా పెట్టావు. నావి మాత్రం ఒక్కొక్కటీ విప్పి చూస్తున్నావు."

"అవును."

"ఇదేం న్యాయం?"

"న్యాయం కాదు. వాడి దగ్గర నేర్చుకున్న పాఠం నీ మీద పడింది. ఖర్మ నీది. ఇదేంటి, ఏడా ఒకటా?"

"ఒకటి."

మూడో రోజు షాపులోంచి అంకెల పుస్తకం కూడా తెమ్మంది. పొయ్యి తలుపుల మీద కొట్టే అంకెలు వరసగా రాసుకునే పుస్తకం అది. వేలు పెట్టి లెక్కించింది, మళ్ళీ లెక్కించింది.

"నిరుటి పొయ్యిలు ముప్పై ఒకటి. చీటీలు ముప్పై."

ఆర్విడ్ నోట్లో రొట్టె ఆగిపోయింది. ఎవరికిచ్చాడు? ఆగస్టు... సరస్సులో ద్వీపం వైపు గుడిసె కట్టుకున్న మనిషి... పడవలోకి ఎక్కించాక చేతిలో డబ్బు పెట్టి, ఒక లేడి తొడ కూడా ఇచ్చాడు. చీటీ రాయలేదు. డెన్నీ చేసిందే తనూ చేశాడు. మర్చిపోయి చేశాడు, అయినా చేసినట్టే. డెన్నీ కూడా మర్చిపోయానంటూనే మొదలుపెట్టాడేమో.

"మర్చిపోయా," అన్నాడు. "రాయి, ఇప్పుడే రాయి మార్లిస్."

ఆమె పెన్ను అతని వైపు తోసింది. "నీ పొయ్యి, నువ్వే రాయి."

రాశాడు. ఎంతకిచ్చాడో, ఎవరికిచ్చాడో, లేడి తొడతో సహా రాశాడు. లేడి తొడ చదివి మార్లిస్ పెళ్ళయ్యాక మొదటిసారి పగలబడి నవ్వింది. పడుకోబోయేముందు అంది, "గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టా."

గురువారం లైబ్రరీలో ఐలీ టీచర్ ఇద్దరినీ కళ్ళద్దాల మీదుగా చూసింది. "ఈసారైనా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చెప్పండి."

ఆర్విడ్ నోరు మెదపలేదు. అదొక్కటే అతను నేర్చుకున్నది, ఆ రెండు వారాల్లో.

"కలిపి," అంది మార్లిస్.

టీచర్ రాసుకుంటూ పోయింది. ఆర్విడ్ పేరు, అంకె, ఇంటి నంబరు. "మార్లిస్, నీ సోషల్ సెక్యూరిటీ కార్డు మీద పేరేముంది?"

"హైకిలా. మార్చుకోలేదు."

"అయితే ఇక్కడా అదే రాయాలి. కార్డులో ఒకటీ ఇక్కడ ఒకటీ ఉంటే కాగితం తిరిగొస్తుంది."

ఆర్విడ్ కుర్చీ కిర్రుమంది. టీచర్ తల ఎత్తకుండానే, "ఏరా, ఏమైనా అంటావా?" అంది.

"లేదు టీచర్."

కాగితం తయారై వచ్చాక మార్లిస్ ప్రతి పేజీ వేలు పెట్టి చదివింది. వెనక వరస పెరిగింది, దగ్గులు పెరిగాయి. ఆమె తొందరపడలేదు. ఆఖరి పేజీ దాకా చదివి, అక్షరం అక్షరం నిటారుగా, సంతకం పెట్టింది. కాగితం ఆర్విడ్ వైపు తిప్పింది.

అతను పెన్ను తీశాడు.

"చదవకుండా పెట్టకు," అంది.

అతను తన ఇరవై ఏడు కాగితాల్లో ఒక్కటీ పూర్తిగా చదివినవాడు కాదు. మొదలుపెట్టాడు. పై వరసలో తన పేరు. దాని పక్కనే, తన పేరంత అక్షరాలతోనే, మార్లిస్ హైకిలా. డెన్నీ ఇంటిపేరు, సరిగ్గా అతను రెండు నెలలుగా కలగన్న చోట. అక్కడ ఆగిపోయాడు. వేలు కదల్లేదు.

"ఈ పేరు," అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేలా, "వచ్చే ఏడు మార్చుకోవచ్చా?"

"అడగొచ్చు."

"అడిగితే?"

"అడిగినప్పుడు చెప్తా. చదువు, వెనక జనం ఉన్నారు."

కుళ్ళు ఎక్కడిదక్కడే ఉంది. ఆర్విడ్ వేలు కింది వరసకి జరిపాడు, చివరి దాకా చదివాడు, సంతకం పెట్టాడు.